అండమాన్ యాత్రకి ఏ పడవ కొంటున్నాం, ఎందుకు

మా దగ్గర తెరచాప పడవ నడపడం నేర్చుకున్నవాళ్ళకీ, విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు) యాత్రకి అడ్వాన్స్ కట్టినవాళ్ళకీ నమస్కారం. పడవ ఏదని ఫోన్ చేసి అడుగుతున్నారు. నిర్ణయం అయిపోయింది. అందరికీ నచ్చకపోవచ్చు, అందుకే కారణాలతో సహా రాస్తున్నాను.

మీలో ఎక్కువమంది కోరింది రెండు హల్‌ల కాటమరాన్. హల్ అంటే నీళ్ళలో తేలే పడవ దేహం. అది పక్కకి ఒరగదు, గదులు విశాలంగా ఉంటాయి. తీరం వెంట తిరగడానికైతే నేనూ అదే కొనేవాణ్ణి. కానీ పోర్ట్ బ్లెయిర్ దాదాపు 650 నాటికల్ మైళ్ళు. గంటకి ఐదు మైళ్ళ చొప్పున ఐదున్నర రోజులు పడుతుంది. మధ్యలో ఆగడానికి రేవు లేదు. జనవరి, ఫిబ్రవరిలో ఈశాన్యపు గాలి పోయేటప్పుడు ఎడమ పక్క నుంచి, వచ్చేటప్పుడు కుడి పక్క నుంచి కొడుతుంది. కెరటం కూడా చాలావరకు పక్క నుంచే. కాటమరాన్ బోల్తా పడటం చాలా అరుదు. కానీ పడిందంటే తనంతట తాను మళ్ళీ లేవదు. అడుగున తగినంత బరువున్న ఒంటి హల్ పడవ లేస్తుంది. పైగా కాటమరాన్‌కి బరువు పడదు. నీళ్ళు, డీజిల్, బియ్యం, అందరి బ్యాగులూ ఎక్కించేసరికి దాని చురుకుదనం పోతుంది.

ఒంటి హల్ అనుకున్నాక అసలు చిక్కు కీల్ దగ్గర, అంటే హల్ అడుగున నీళ్ళలోకి దిగి ఉండే బరువైన భాగం దగ్గర వచ్చింది. ఇప్పటి పడవల్లో కీల్ సన్నటి రెక్కలా ఉంటుంది, హల్‌కి బోల్టులతో బిగిస్తారు. వేగం బాగుంటుంది, రేవులో చటుక్కున తిరుగుతుంది. చుక్కాని మాత్రం వెనక ఎక్కడో ఏ ఆసరా లేకుండా వేలాడుతుంది.

అలాంటి సెకండ్ హ్యాండ్ పడవ ఒకటి చూడ్డానికి వెళ్ళాం. పడవని తనిఖీ చేసే సర్వేయర్ చిన్న ప్లాస్టిక్ సుత్తితో హల్‌ని అంగుళం అంగుళం తడుతూ వచ్చాడు. టక్ టక్ అని గట్టిగా పలికినంతసేపూ ఏమీ మాట్లాడలేదు. కీల్ అతుకు దగ్గరికి వచ్చేసరికి శబ్దం బోలుగా మారింది. లోపల నేల పలకలు ఎత్తి టార్చి వేస్తే, ఒక బోల్టు చుట్టూ తుప్పు చార, దాని పక్కనుంచి వెంట్రుకంత పగులు. ఎప్పుడో ఎక్కడో కీల్ నేలకి తగిలి ఉంటుందన్నాడు. పైన చూస్తే సోఫాలు, వంటగది మెరిసిపోతున్నాయి. 2014లో అట్లాంటిక్‌లో చీకీ రఫీకీ అనే పడవ కీల్ ఊడిపోయి బోల్తా పడింది, అందులోని నలుగురూ పోయారు. ఆ పగులు చూశాక బేరం మాట వదిలేశాను.

కాబట్టి రస్ట్లర్ 36 డిజైన్‌కి వెళ్తున్నాం. బ్రిటిష్ పడవ, పాత పద్ధతి పొడవాటి కీల్. మొత్తం బరువు ఏడున్నర టన్నుల పైచిలుకు, అందులో మూడు టన్నులకి పైగా అడుగున ఉన్న బరువే. చుక్కాని కీల్ వెనక అంచుకే ఉంటుంది, వలో దుంగో ముందు కీల్‌కి తగులుతుంది. బంగాళాఖాతంలో వలలు ఎన్ని ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు. ఒంటరిగా భూమిని చుట్టే గోల్డెన్ గ్లోబ్ రేస్ 2022లో మొదలైనప్పుడు, అందులో మన నావికాదళ మాజీ అధికారి అభిలాష్ టోమీ గారు రెండో స్థానంలో నిలిచింది ఈ డిజైన్ మీదే. అంతకుముందు 2018లో ఆయన తురియా పడవ కూడా పొడవాటి కీల్‌దే, అయినా దక్షిణ హిందూ మహాసముద్రంలో తుఫానుకి తెరచాప స్తంభాలు విరిగి ఆయన నడుముకి గాయమైంది. ఏ డిజైనూ ప్రాణానికి పూచీ ఇవ్వదు. అందుకే తుఫాను సూచన ఉంటే పడవ ఎంత గట్టిదైనా రేవు దాటం.

నావికాదళపు తెరచాప పడవ తారిణి లాంటిది కొనండి అన్నవాళ్ళూ ఉన్నారు. మన విశాఖ అమ్మాయి స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య భూమిని చుట్టి వచ్చిన పడవ కదా, ఆ అభిమానం నాకూ ఉంది. కానీ అది 56 అడుగులు. అంత పెద్ద తెరచాపల్ని లాగడానికి నావికాదళ అధికారుల స్థాయి శిక్షణ కావాలి. మనకి అర్ధరాత్రి వాచ్‌లో (కాపలా వంతులో) ఇద్దరు కలిసి తెరచాప తగ్గించగలిగే సైజు చాలు.

ఇక మీకు ఇబ్బంది కలిగించే విషయాలు. ఐదు సీట్లు అనుకున్నవి మూడే అవుతున్నాయి, అందువల్ల మనిషికి ఫీజు పెరుగుతుంది. విడి గది ఎవరికీ ఉండదు. టాయిలెట్ ఒకటే. వంటగది ఇరుకు, అయితే పడవ ఒరిగినప్పుడు నడుం ఆనించుకుని నిలబడటానికి ఆ ఇరుకే పనికొస్తుంది. పొయ్యి పడవతో పాటు ఒరగకుండా ఊగే బిగింపు మీద ఉంటుంది, కుక్కర్ పెట్టుకోవచ్చు. ఈ జనవరికి యాత్ర కుదరదు, వచ్చే జనవరికే.

అడ్వాన్స్ వెనక్కి కావాలనుకునేవాళ్ళు ఈ నెలాఖరులోపు మెసేజ్ పెట్టండి, పూర్తిగా ఇచ్చేస్తాను, కారణం అడగను. ఉంటామనేవాళ్ళకి పడవ రాగానే ఒక రాత్రంతా సముద్రంలో ట్రయల్, ఉచితంగా. వాంతుల టెన్షన్ ఉన్నవాళ్ళు దానికి తప్పకుండా రండి. ఆ రాత్రి గడిపాక కూడా మనసు మార్చుకోవచ్చు, డబ్బు అప్పుడైనా తిరిగి ఇస్తాను.