రికార్డెడ్ కాల్స్‌పై ఫిర్యాదు తెలుగులో చేయనివ్వాలి

సంపాదకులకు,

కంటి ఆపరేషన్ తేదీ చెబుతామన్న ఆసుపత్రి ఫోన్ కోసం ఎదురుచూస్తున్న మా అమ్మ, పోయిన నెల పెరట్లో అంట్లు తోముతూ రింగు వినపడగానే తడిచేతులతో పరుగెత్తుకొచ్చి, గడప తగిలి పడబోయింది. తీరా ఎత్తితే, రుణం మంజూరైందనీ వివరాలకు ఒకటి నొక్కమనీ రికార్డు చేసిన గొంతు. అవతల మనిషి లేడని తెలియక, "ఏ ఆసుపత్రమ్మా?" అని ఆమె మూడుసార్లు అడిగింది. సాయంత్రంలోగా అలాంటివే మరో నాలుగు వచ్చాయి, అన్నీ మామూలు పదంకెల నంబర్ల నుంచే.

ప్రచార కాల్స్‌కు 140తో మొదలయ్యే నంబర్లు కేటాయించారు. ఇంగ్లిషులో స్టార్ట్ అని టైపు చేసి, పక్కన సున్నా వేసి 1909కు పంపితే నమోదైన టెలిమార్కెటర్ల బెడద తగ్గుతుంది. నమోదే లేకుండా సాధారణ సిమ్‌లతో, యంత్రాలతో డయల్ చేయించేవారిని మాత్రం ఇది ఆపలేదు; వారిపై చర్యకు మన ఫిర్యాదే ఆధారం. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2025 ఫిబ్రవరిలో సవరించిన నిబంధనల ప్రకారం, డీఎన్‌డీలో (1909కు సందేశం పంపి ప్రచార కాల్స్ వద్దన్నవారి జాబితాలో) నమోదు కానివారు కూడా ఇలాంటి కాల్‌పై 7 రోజుల్లోగా ఫిర్యాదు చేయవచ్చు. 10 రోజుల్లో 5 ఫిర్యాదులు వస్తే పంపినవారిపై చర్య తీసుకోవాలి. అంతకుముందు 7 రోజుల్లో 10 ఫిర్యాదులు కావలసి వచ్చేది.

నియమం మంచిదే. అయితే ఆ ఐదుగురు ఎక్కడి నుంచి రావాలి? కాల్ వివరం, నంబరు, తేదీ వరుసగా టైపు చేసి పంపడం కీప్యాడ్ ఫోన్ వాడే మా అమ్మ వంటివారికి అయ్యే పని కాదు. మా వీధిలో అడిగి చూశాను. విసుక్కుని కట్ చేసేవారే గాని ఫిర్యాదు చేయవచ్చని తెలిసినవారు ఒక్కరూ కనిపించలేదు. రుణం ఇస్తామని ఇంత చక్కటి తెలుగులో పలకరించగలిగినప్పుడు, ఫిర్యాదు తీసుకోవడానికి ఆ భాష ఎందుకు పనికిరాదు?

కాల్ ముగియగానే ఒక్క అంకె నొక్కితే చివరి నంబరుపై ఫిర్యాదు నమోదై, దాని సంఖ్య తెలుగు సందేశంగా వచ్చే ఏర్పాటును టెలికాం సంస్థలు చేయాలి. ఒకే సిమ్ నుంచి రోజంతా వందల కాల్స్ వెళుతుంటే అది వారి లెక్కల్లో కనబడుతుంది గనుక, ఐదో ఫిర్యాదు దాకా ఆగకుండా ఆ రోజే విచారించాలి. అంతవరకు గ్రామ సచివాలయాల్లో, మీసేవ కేంద్రాల్లో వృద్ధుల తరఫున ఈ ఫిర్యాదులు నమోదు చేసేలా ప్రభుత్వాలు ఆదేశించాలని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి