సునాబెడ ఇంజన్ల పనిలో స్థానిక యువతకు చోటు కావాలి

సంపాదకుల వారికి,

నమస్కారం. సుఖోయ్-30 ఎంకేఐ యుద్ధవిమానాల కోసం 240 ఏఎల్-31ఎఫ్‌పీ ఇంజన్లు సమకూర్చేందుకు రక్షణ మంత్రిత్వ శాఖ 2024 సెప్టెంబరు 9న ప్రభుత్వ రంగ విమాన తయారీ సంస్థ హిందుస్థాన్ ఏరోనాటిక్స్‌తో రూ.26 వేల కోట్లకు పైబడిన ఒప్పందం చేసుకున్నది. ఆ ఇంజన్లు తయారయ్యేది ఒడిశాలోని మా కోరాపుట్ జిల్లా సునాబెడలో ఉన్న ఆ సంస్థ కర్మాగారంలోనే. ఏడాదికి 30 చొప్పున, ఎనిమిదేళ్లకు సరిపడా పని. దేశ రక్షణకు మా కొండప్రాంతం ఇంత అక్కరకు వస్తున్నందుకు ఇక్కడి తెలుగువారందరితో పాటు నాకూ గర్వంగానే ఉంది. అయితే ఈ ఎనిమిదేళ్లు గడిచేసరికి సునాబెడ చుట్టుపక్కల పుట్టిన పిల్లల్లో ఎందరికి ఆ పని చేతికి వస్తుందన్న ప్రశ్న ఇప్పుడే వేసుకోకపోతే తర్వాత వేసుకొని ప్రయోజనం ఉండదు.

అరవయ్యేళ్ల కిందట ఈ కర్మాగారం కోసం ఆదివాసీ గ్రామాలు భూములు వదులుకున్నాయి. మిగ్-21 ఇంజన్లతో మొదలైన ఉత్పత్తి సుఖోయ్ ఇంజన్ల దాకా వచ్చింది. ఆ మిగ్-21 విమానాలు 2025 సెప్టెంబరు 26న వాయుసేన నుంచి సెలవు తీసుకున్నాయి కూడా. ఒక విమానం పుట్టి, పెరిగి, విరమించినంత కాలం గడిచినా, భూమి ఇచ్చిన కుటుంబాల మనవలు కర్మాగారం గేటు బయట కూలి పని వెతుక్కునే పరిస్థితి ఉంటే, దానిని సరిదిద్దవలసిన బాధ్యత సంస్థకూ, ప్రభుత్వానికీ సమానంగా ఉంటుంది.

కంపెనీల చట్టం 2013లోని 135వ సెక్షను ప్రకారం పెద్ద సంస్థలు గత మూడేళ్ల సగటు నికరలాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. అందులో తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా ఆ సెక్షనే చెబుతోంది. కోరాపుట్, వెనుకబడినవని కేంద్రం గుర్తించిన ఆకాంక్షిత జిల్లాల జాబితాలో ఉంది. వృత్తి నైపుణ్యాల శిక్షణ ఆ చట్టం ఏడో షెడ్యూలులో స్పష్టంగా ఉన్న అంశం. కాబట్టి దారి వెతకనక్కరలేదు. బెంచీలు, సైకిళ్లు, వైద్యశిబిరాలు అవసరమే, వాటిని నేను తక్కువ చేయను. కానీ విమాన ఇంజన్లు తయారుచేసే సంస్థ మాత్రమే ఇవ్వగలిగినది ఒకటుంది, అది పనితనం.

మా ప్రాంతంలోని ఒక ఐటీఐలో ఫిట్టర్ విద్యార్థుల ప్రాక్టికల్ తరగతి చూశాను. సూక్ష్మమైన కొలతలు తీసే మైక్రోమీటరు ఉన్నది ఒక్కటే, అది చేతులు మారుతూ వరుసలో చివరివాడిని చేరేసరికి పీరియడు అయిపోవచ్చింది. ఆ కుర్రాడు దాన్ని మరబిగించినట్టు బలంగా బిగించి కొలత చదివాడు. చివరన ఉన్న రాట్చెట్‌ను, అంటే తగినంత బిగియగానే జారిపోయే చిన్న పిడిని, తిప్పితేనే ఒత్తిడి ఎప్పుడూ ఒకేలా ఉంటుందనీ, లేకపోతే మిల్లీమీటరులో నూరోవంతు లెక్క తప్పుతుందనీ అతనికి ఎవరూ చెప్పలేదు. తెలివికి కొదవ లేదు, చెప్పగానే మళ్లీ కొలిచి సరిగ్గా చదివాడు. సునాబెడలో నలభై ఏళ్లు ఇదే పని చేసి విశ్రాంతి తీసుకుంటున్న సీనియర్ టెక్నీషియన్లు జయపురంలో, సెమిలిగుడలో వీధికొకరు ఉన్నారు. వారికి గౌరవవేతనం ఇచ్చి ఐటీఐలకు పంపి, ఆ పిల్లలకు సరిపడా కొలత పరికరాలు కొనిస్తే, సామాజిక బాధ్యత నిధికి అంతకంటే మంచి వినియోగం నాకు తోచడం లేదు.

ఈ నేలకు అలాంటి దానం కొత్త కాదు. 1936లో ఒడిశా ఏర్పడేదాకా విశాఖపట్నం జిల్లాలో భాగంగా ఉన్న జయపురం సంస్థానాన్ని ఏలిన విక్రమదేవవర్మ మహారాజు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చి, అక్కడి సైన్సు, సాంకేతిక విద్యను నిలబెట్టారు. ఒక్కసారి ఇచ్చి ఊరుకోలేదు, ఏటా ఇచ్చారు.

అప్రెంటిస్‌ల చట్టం సంగతి కూడా చెప్పాలి. ముప్పై మంది, అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థా, కాంట్రాక్టు సిబ్బందిని కలుపుకొని, మొత్తం సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను, అంటే పని నేర్చుకునే అభ్యాసకులను, తీసుకోవాలి. ఆ ప్రకటనలు ఇంటర్నెట్‌లో వెలువడి, గడువు తీరాక కొండ ఊళ్లకు తెలుస్తున్నాయి. బ్లాకు కార్యాలయాల్లో, వారపు సంతల్లో, ఒడియాతో పాటు దేశియా, కువి, తెలుగు భాషల్లో చాటింపు వేయిస్తే అయ్యే ఖర్చు ఎంత?

ఉద్యోగుల క్షేమం వేరే పద్దు. సిబ్బందికీ వారి కుటుంబాలకూ మాత్రమే ఉపకరించే ఖర్చును సామాజిక బాధ్యతగా చూపకూడదని నిబంధన ఉంది, ఉండటం న్యాయమే. లోహం కోసే చోట, గ్రైండింగ్ చోట, ఇంజన్ పరీక్షల దగ్గర శబ్దం ఎక్కువ. ఎనిమిది గంటల షిఫ్టుకు ఫ్యాక్టరీల నిబంధనలు పెట్టిన హద్దు 90 డెసిబెల్స్. శబ్దం వల్ల కలిగే చెవుడు ముందుగా హెచ్చు శ్రుతుల్లో, అంటే సన్నని కీచు శబ్దాల విషయంలో, మొదలవుతుంది. మాటలు వినబడుతూనే ఉంటాయి కాబట్టి కార్మికుడు గుర్తించడు, వినికిడిని కొలిచే ఆడియోమెట్రీ పరీక్షలోనే బయటపడుతుంది, ఒకసారి పోయిన వినికిడి తిరిగి రాదు. పర్మనెంటు ఉద్యోగికి ఆసుపత్రి, రికార్డు ఉంటాయి. కాంట్రాక్టరు మారిన ప్రతిసారీ కాంట్రాక్టు కార్మికుడి ఆరోగ్య చరిత్ర మళ్లీ మొదటికి వస్తుంది. 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉన్న వృత్తి భద్రత కోడ్ కాంట్రాక్టు కార్మికుల సంక్షేమ సదుపాయాల బాధ్యతను కాంట్రాక్టరుపై కాక, పని చేయించుకునే ప్రధాన యజమానిపైనే పెట్టింది. ఆ స్ఫూర్తితో, రక్షణ ఉత్పత్తి కర్మాగారాలన్నింటా ప్రతి కార్మికుడి వినికిడి పరీక్ష ఫలితాలను కాంట్రాక్టరు దగ్గర కాక ప్రధాన సంస్థే భద్రపరచాలి.

స్వదేశీ తయారీ విషయానికి వస్తే, ఈ ఒప్పందం ముగిసేసరికి ఇంజనులో స్వదేశీ భాగం 63 శాతానికి చేరాలన్నది లక్ష్యం. అంటే విదేశాల నుంచి తెచ్చుకునే ఎన్నో విడిభాగాలు ఇక్కడే చేయాలి. అవన్నీ పెద్ద నగరాలకే పోనక్కరలేదు. ఇంజను భాగం కాకపోయినా, తయారీలో వస్తువును కదలకుండా పట్టి ఉంచే జిగ్గులు, ఫిక్స్చర్లు, ప్యాకింగ్ స్టాండ్లు జయపురం, రాయగడ వర్క్‌షాపుల వాళ్లు చేయగలరు. నాణ్యతా తనిఖీ నేర్పి, చిన్న ఆర్డర్లతో మొదలుపెడితే చాలు.

రాబోయే ఆర్థిక సంవత్సరపు సామాజిక బాధ్యత ప్రణాళిక ఖరారయ్యే లోగా కోరాపుట్ కలెక్టరు గారు సంస్థ అధికారులను, ఐటీఐ ప్రిన్సిపాళ్లను, భూములిచ్చిన గ్రామాల పెద్దలను ఒకచోట కూర్చోబెట్టాలని, ఆ సమావేశ నిర్ణయాలను మీ పత్రిక ఈ ప్రాంతపు పేజీలో ప్రచురించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
జయపురం, కోరాపుట్ జిల్లా, ఒడిశా