టీవీ మీద ‘డిజిటల్’ అని రాస్తే ఏమని అర్థం?

సంపాదకులకు నమస్కారం.

పాత తరహా అనలాగ్ ప్రసారాలు ఆగిపోయి, బొమ్మనూ శబ్దాన్నీ అంకెలుగా మార్చి పంపే డిజిటల్ ప్రసారాలు మాత్రమే మిగిలే రోజు గురించి మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. టవర్లు, ఫ్రీక్వెన్సీలు, చానళ్ల సంఖ్య అన్నీ వివరంగా రాశారు. టీవీ కొనడానికి దుకాణంలో అడుగుపెట్టిన మనిషికి అక్కడ అట్టపెట్టె మీద ఏమి కనిపిస్తుందో మాత్రం రాయలేదు. ముప్పై ఏళ్లకు పైగా టీవీలు బాగుచేసి బతికినవాణ్ని కనుక ఆ మిగిలిన ముక్క నేను రాస్తున్నాను. ఉత్తరం పొడవైందని కత్తిరించదలిస్తే ఎక్కడైనా కత్తిరించండి, స్టిక్కర్ సంగతి మాత్రం ఉంచండి.

మా బావగారు కిందటి నెల కొత్త టీవీ కొన్నారు. నేను వెళ్లేసరికి దాన్ని గోడకు బిగించి, మేడ మీది యాంటెన్నా తీగ తగిలించి, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. “ఇక పదేళ్లపాటు నీ అవసరం లేదు బావా, ఇది డిజిటల్” అన్నారు. చట్రం కింది మూలన బంగారు రంగు స్టిక్కర్ మీద నిజంగానే ఆ మాట ఉంది. రిమోట్ తీసుకుని మెనూలో చానళ్లు వెతికే పేజీకి వెళ్లాను. డిజిటల్ ప్రసారాలు అందుకోగల టీవీ అయితే సాధారణంగా అక్కడ డిజిటల్ చానళ్లు వెతకాలా, అనలాగ్ చానళ్లు వెతకాలా, రెండూనా అని అడుగుతుంది. సిగ్నల్ బలం, నాణ్యత చూపించే పట్టీలు కూడా ఉంటాయి. ఇందులో అలాంటివేమీ లేవు. వెతకమంటే అనలాగ్ చానళ్లు వెతికి ఊరుకుంది. చివరికి వాడకం పుస్తకంలో చీమ తలకాయంత అక్షరాల్లో అసలు సంగతి దొరికింది. స్టిక్కర్ మీది ‘డిజిటల్’ శబ్దానికి సంబంధించినదట.

“దుకాణంలో బొమ్మ అద్దంలా కనిపించింది కదా!” అన్నారు బావగారు. కనిపిస్తుంది. దుకాణంలో వరుసగా పెట్టిన టీవీలన్నిటిలోనూ ఒకే చేప ఒకే సమయంలో ఈదుతూ ఉంటుంది, మీరు గమనించారో లేదో. ఆ చేప యాంటెన్నా నుంచి రాదు. వెనక గుచ్చిన పెన్‌డ్రైవ్ నుంచో, ఒకే ప్లేయర్ నుంచి అన్నిటికీ పంచిన తీగల నుంచో వస్తుంది. అక్కడ మనకు చూపించేది తెర. అనలాగ్ ఆగే ఆ మార్పిడి రోజున తేడా కొట్టేది, యాంటెన్నా సంకేతాన్ని పట్టుకునే లోపలి ట్యూనర్, దాన్ని ఎవరూ చూపించరు.

అసలు ‘డిజిటల్’ అన్న మాటను దుకాణాలు ఎప్పుడో అరగదీసేశాయి. నేను పని నేర్చుకున్న రోజుల్లో చానల్ మార్చాలంటే గుండ్రటి మీట టకటకా తిప్పేవాళ్లం. ఆ మీట పోయి తెర మీద ఆకుపచ్చ అంకెలు రాగానే దాన్ని డిజిటల్ ట్యూనింగ్ అన్నారు. ఆ తర్వాత డిజిటల్ సౌండ్ వచ్చింది, రంగునూ వెలుగునూ విడదీసే డిజిటల్ ఫిల్టర్ వచ్చింది, బొమ్మ మీది చుక్కలు తుడిచే డిజిటల్ ఏర్పాటు వచ్చింది. ఇవేవీ అబద్ధాలు కావు. ఆ పనులు చేసే చిప్పులు నిజంగా అంకెల లెక్కతోనే నడుస్తాయి. కానీ యాంటెన్నా తీగ వచ్చి కలిసే చోట ఉన్నది అనలాగ్ ట్యూనర్ ఒక్కటే అయితే, మిగతా టీవీ అంతా ఎంత డిజిటల్ అయినా గాలిలో వచ్చే డిజిటల్ సంకేతం దానికి అర్థం కాదు. అనలాగ్ ప్రసారం ఆగిన మరుక్షణం తెర నిండా చుక్కలే, లేదా ‘సిగ్నల్ లేదు’ అన్న నీలం తెర. పలుచటి టీవీ అయితే డిజిటల్, వెనక బొజ్జ ఉంటే అనలాగ్ అనుకోవడం కూడా ఇలాంటి పొరపాటే. పిక్చర్ ట్యూబ్ ఉండి డిజిటల్ ట్యూనర్ ఉన్న సెట్లూ వచ్చాయి, పలుచటి తెర ఉండి అనలాగ్ ట్యూనర్ మాత్రమే ఉన్నవీ వచ్చాయి, అసలు ట్యూనరే లేనివీ అమ్మారు.

‘రెడీ’ అన్న మాట ఇంకా గడుసుది. యూరప్‌లో 2005లో తయారీదారులు ‘హెచ్‌డీ రెడీ’ అని ఒక గుర్తు తెచ్చారు. ఆ గుర్తు పెట్టుకోవాలంటే తెరలో కనీసం 720 గీతలు ఉండాలి, హెచ్‌డీ సంకేతాన్ని తీసుకునే తగిన సాకెట్లు ఉండాలి. హెచ్‌డీ ప్రసారాన్ని అందుకునే ట్యూనర్ ఉండాలన్న నియమం మాత్రం లేదు. వంటింట్లో పొయ్యి, గిన్నెలు సిద్ధంగా ఉన్నాయి, బియ్యం మీరు తెచ్చుకోండి అన్నట్టు. రూపొందించినవారి నిబంధనల్లో ఇదంతా స్పష్టంగానే ఉంది. కొనేవాడు ఆ నిబంధనలు చదవడు కదా, స్టిక్కర్ చదువుతాడు.

దీన్ని సరిచేయడం సాధ్యమేనా అంటే, చేసినవాళ్లు ఉన్నారు. అమెరికాలో 2007 మార్చి 1 తర్వాత దిగుమతి చేసే, రాష్ట్రాల మధ్య రవాణా చేసే టీవీలన్నిటిలో డిజిటల్ ట్యూనర్ ఉండాలన్నారు. అయితే నియమం వచ్చినంత మాత్రాన గోదాముల్లోని సరుకు మాయమైపోదు. అందుకని 2007 మే 25 నుంచి, అనలాగ్ ట్యూనర్ మాత్రమే ఉన్న టీవీ ఏది అమ్మకానికి పెట్టినా దాని పక్కనే హెచ్చరిక చీటీ కనిపించాలని అక్కడి సమాచార ప్రసారాల కమిషన్ ఆదేశించింది. ఆ చీటీలో ఏమి రాయాలో కూడా కమిషనే చెప్పింది. ఈ టీవీలో అనలాగ్ ట్యూనర్ మాత్రమే ఉంది, 2009 ఫిబ్రవరి 17 తర్వాత యాంటెన్నాతో ప్రసారాలు చూడాలంటే డిజిటల్ సంకేతాన్ని పాత టీవీకి అర్థమయ్యేలా మార్చే కన్వర్టర్ పెట్టె కావాలి అన్నది మొదటి సంగతి. కేబుల్, ఉపగ్రహ ప్రసారాలకూ, వీసీఆర్, డీవీడీ ప్లేయర్, ఆటల యంత్రాలకూ ఇది ఎప్పటిలాగే పనికొస్తుంది అన్నది రెండోది.

నాకు ఆ రెండో సంగతి బాగా నచ్చింది. అనలాగ్ టీవీ చెత్త అని జనాన్ని భయపెట్టలేదు. పిల్లలు ఆటలు ఆడుకోవడానికి టీవీ కావలసినవాడు ఆ చీటీ చదివి కూడా నిశ్చింతగా కొనుక్కోవచ్చు. వెబ్‌సైట్లలో అమ్మేవారికీ ఇదే నియమం వర్తించింది. చీటీ పెట్టని పెద్ద దుకాణాలకు 2008లో కమిషన్ భారీ జరిమానాలు ప్రతిపాదించింది. తర్వాత మార్పిడి గడువు 2009 జూన్ 12కు జరిగింది. చీటీల మీద తేదీ తప్పయింది, విషయం తప్పు కాలేదు.

బ్రిటన్‌వాళ్లు దీన్ని తిరగేసి చేశారు. అక్కడ మార్పిడి 2012లో ముగిసింది. మార్పిడి తర్వాత కూడా పనిచేసే టీవీలకూ రికార్డర్లకూ ఒక ‘టిక్కు’ గుర్తు ఇచ్చారు. జపాన్‌లో అయితే ప్రసారానికే చీటీ అంటించారు! అనలాగ్‌లో చూస్తున్నవారి తెర కుడివైపు పై మూలన ‘అనలాగ్’ అన్న మాట కనిపించేది. 2011 జులై 24న ఆ ప్రసారాలు ఆపేలోపు, తన ఇంట్లో ఉన్నది ఏ రకమో ఎవరినీ అడగకుండానే తెలిసిపోయేది. సునామీ దెబ్బ తిన్న మూడు ప్రాంతాలకు మాత్రం మరుసటి ఏడాది మార్చి వరకు గడువిచ్చారు.

‘డిజిటల్ ట్యూనర్ ఉంది’ అని రాస్తే సరిపోతుందా అంటే, అదీ చాలదు. ఇది మా మెకానిక్‌లకే సరిగ్గా తలకెక్కని సంగతి, కొనేవారిని ఏమనగలం? డిజిటల్ ప్రసారంలో రెండు అంచెలు ఉంటాయి. సంకేతాన్ని గాలిలో మోసుకొచ్చే పద్ధతి ఒకటి, బొమ్మను కుదించి మూటకట్టే పద్ధతి ఒకటి. టీవీకి రెండూ తెలిసి ఉండాలి. ఫ్రాన్స్‌లో 2016 ఏప్రిల్ 5న బొమ్మను కుదించే ఎంపెగ్-2 పద్ధతి మాని అన్ని చానళ్లూ ఎంపెగ్-4కు మారాయి. అప్పటికే డిజిటల్‌లో చూస్తున్న వాళ్లలో కూడా పాత సెట్లు ఉన్నవారికి కొత్త పెట్టె అవసరమైంది. జర్మనీలో 2017 మార్చి 29న గాలిలో మోసుకొచ్చే పద్ధతి డీవీబీ-టీ నుంచి డీవీబీ-టీ2కు మారడం మొదలైంది, దాంతోపాటే బొమ్మను హెచ్‌ఈవీసీ పద్ధతిలో కుదించారు. అంతకు ముందు ‘డీవీబీ-టీ2’ అని రాసి అమ్మిన టీవీల్లో కొన్నిటికి హెచ్‌ఈవీసీ విప్పడం రాదు. పెట్టె మీది మాటలో అబద్ధం లేదు, ఇంట్లో బొమ్మ లేదు. అందుకే అక్కడ రెండు పద్ధతులూ తెలిసిన టీవీలకు ఆకుపచ్చ గుర్తు వేరుగా పెట్టారు.

సెట్‌టాప్ బాక్సులకూ ఈ చీటీ కావాలి. మా వీధిలో ఒక పెద్దావిడ తన పాత టీవీ కోసం డిజిటల్ పెట్టె కొనుక్కొచ్చారు. దానికి కొత్త టీవీలకు ఉండే హెచ్‌డీఎంఐ సాకెట్ ఒక్కటే ఉంది. ఆవిడ టీవీకేమో యాంటెన్నా రంధ్రం తప్ప, పసుపు, తెలుపు, ఎరుపు రంగుల పిన్నులకు కూడా చోటు లేదు. “రెండూ మంచివే, రెండిటికీ మాటల్లేవంటావా బాబూ?” అని అడిగారు. పెట్టె తయారుచేసినవాడు బయట ఏ సాకెట్ ఉందో బొమ్మ వేసి ఉంటే, ఆవిడ తన టీవీ వెనక చూసుకునే వచ్చేవారు.

కాబట్టి నేను కోరే చీటీలో మొదటి వరుస ఒక ప్రశ్న. మార్పిడి తర్వాత, వేరే పెట్టె ఏదీ లేకుండా, ఈ టీవీకి యాంటెన్నా తగిలిస్తే ప్రసారాలు వస్తాయా? దాని ఎదుట ‘వస్తాయి’ అనో ‘రావు’ అనో పెద్ద అక్షరాల్లో ఉండాలి. కింద, ప్రసార సంస్థ వాడే పద్ధతుల పేర్లు. రాకపోతే ఏ పెట్టె కావాలో, దాన్ని ఏ సాకెట్‌కు తగిలించాలో. ఇది చూడడానికి పెట్టిన టీవీ చట్రం మీదే ఉండాలి, పుస్తకం చివరి పేజీలో కాదు. అట్టపెట్టె మీద, వెబ్‌సైట్‌లో ధర పక్కన కూడా అవే మాటలు ఉండాలి. మిగతా బంగారు స్టిక్కర్లు ఎన్నైనా అంటించుకోనివ్వండి, నాకు అభ్యంతరం లేదు.

దుకాణదారుల మీద నాకు కోపం లేదు. పాత సరుకు వదిలించుకోవాలన్న వాళ్ల తొందర నాకు తెలుసు, నేనూ పాత సెట్లు బాగుచేసి అమ్మినవాణ్నే. ‘రావు’ అని రాసి, ధర తగ్గించి అమ్మితే కొనేవాళ్లు కొంటారు. పాపం కౌంటర్ దగ్గరి కుర్రవాడికి కూడా తను అమ్ముతున్నది ఏమిటో తెలియదు. బావగారితో కలిసి నేను మళ్లీ ఆ దుకాణానికి వెళ్లి ట్యూనర్ సంగతి అడిగితే, అతను స్టిక్కర్ వైపు చూపించి, “రాసే ఉంది కదా సార్” అన్నాడు. పుస్తకం తెరిచి చూపించాక లోపలికి వెళ్లి ఎవరినో అడిగి వచ్చి, శబ్దం డిజిటలే కనుక స్టిక్కర్ తప్పు కాదు, వెనక్కి తీసుకోవడం కుదరదు అని చెప్పాడు.

ఆ టీవీకి ఇప్పుడు నేనే ఒక డిజిటల్ పెట్టె తగిలించాను, బాగానే నడుస్తోంది. రిమోట్‌లు రెండయ్యాయని మా అక్క సణుగుతోంది. బంగారు స్టిక్కర్‌ను బావగారు గోటితో గీకి తీసి నా చేతిలో పెట్టారు. నా పనిముట్ల డబ్బా మూతకు అంటించుకున్నాను. ఫొటో కావాలంటే పంపుతాను.

ఇట్లు,
పని మానేసినా స్క్రూడ్రైవర్ వదలని ఒక టీవీ మెకానిక్