స్పానిష్ వినిపిస్తే ఐడీ అడుగుతారా? హోంలాండ్ సెక్యూరిటీ మంత్రికి బహిరంగ లేఖ

అమెరికా హోంలాండ్ సెక్యూరిటీ మంత్రి గారికి,

నేను టెక్సాస్‌లో ఉద్యోగం చేసుకుంటున్న తెలుగువాడిని. ఇంగ్లిష్ ప్రతి మీ ఆఫీసుకు విడిగా పంపాను. మావాళ్లు కూడా చదవాలని ఇది తెలుగులో రాస్తున్నాను.

2018 మేలో మోంటానాలోని హావర్ అనే చిన్న ఊళ్లో ఇద్దరు మహిళలు పాలు, గుడ్లు కొనడానికి స్టోర్‌కు వెళ్లారు. స్పానిష్‌లో మాట్లాడుకుంటుంటే మీ శాఖ కింద పనిచేసే బోర్డర్ ప్యాట్రోల్ (సరిహద్దు గస్తీ) ఏజెంట్ ఐడీలు అడిగాడు. ఇద్దరూ అమెరికాలో పుట్టినవాళ్లే, ఒకరు టెక్సాస్‌లో, ఇంకొకరు కాలిఫోర్నియాలో. ఎందుకు ఆపావంటే, ఇక్కడ స్పానిష్ ఎవరూ మాట్లాడరు కాబట్టి అని ఫోన్ కెమెరా ముందే చెప్పాడు. అది దాచుకోవాల్సిన విషయమని కూడా అతనికి తోచలేదు. నాకు భయం వేసేది అక్కడే. వాళ్లు కేసు వేశారు, 2020లో రాజీతో ముగిసింది.

ఆనాడు ఒక ఏజెంట్ చేసిన పని ఇప్పుడు పద్ధతి అయిపోయింది. 2025లో లాస్ ఏంజెలెస్‌లో కార్‌వాష్‌ల దగ్గర, బస్‌స్టాపుల్లో, కూలీలు పని కోసం నిలబడే పార్కింగ్ లాట్లలో ఇమ్మిగ్రేషన్ ఏజెంట్లు జనాన్ని పట్టుకున్నారు. జాతి, స్పానిష్ భాష లేదా ఇంగ్లిష్‌లో యాస, ఉన్న చోటు, చేసే పని, కేవలం వీటిని చూసి ఎవరినీ ఆపకూడదని 2025 జూలైలో ఫెడరల్ జడ్జి ఉత్తర్వు ఇచ్చారు. సెప్టెంబరు 8న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును నిలిపేసింది. చట్టబద్ధంగా ఉన్నవాళ్లను కాసేపట్లో వదిలేస్తారు కదా అన్న ధోరణిలో జస్టిస్ కవనా రాశారు. అక్టోబరులో ప్రోపబ్లికా అనే వార్తా సంస్థ విలేకరులు లెక్క తీస్తే, ఇమ్మిగ్రేషన్ ఏజెంట్లు పట్టి ఉంచిన అమెరికా పౌరులే 170 మందికి పైగా తేలారు. నిరసనల దగ్గర పట్టుకున్నవాళ్లూ అందులో ఉన్నారు, నిజమే. కానీ పౌరసత్వం మీద అనుమానంతో ఆపినవాళ్లు 50 మంది పైనే, దాదాపు అందరూ లాటినోలు, అంటే లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్లు.

చట్టప్రకారం కాగితాలు వెంట పెట్టుకోవాల్సింది నాలాంటి విదేశీయులు. పౌరులకు ఆ నిబంధన లేదు. మా ఆఫీసులో, ఇదే టెక్సాస్‌లోని ఎల్ పాసోలో పుట్టిన ఒకాయన మాత్రం పాస్‌పోర్ట్ కార్డు లేకుండా పాల ప్యాకెట్‌కు కూడా బయటికి వెళ్లడం లేదు. నాకంటే చక్కటి ఇంగ్లిష్ ఆయనది. బయట ఉన్నప్పుడు వాళ్లమ్మ ఫోన్ చేస్తే ఎత్తడం మానేశాడు, స్పానిష్‌లో మాట్లాడాల్సి వస్తుందని.

మావాళ్లకూ ఒక మాట. వీకెండ్ పార్టీల్లో 'వాళ్లంతా ఇల్లీగలే' అని తేల్చేస్తుంటారు, మనం లీగల్ కదా అన్న ధీమాతో. 2017 ఫిబ్రవరిలో కన్సాస్‌లోని ఓ బార్‌లో మన తెలుగు ఇంజనీరును కాల్చి చంపినవాడు కూడా ముందు వీసా గురించే అడిగాడు.

మంత్రి గారూ, కోర్టు స్టే మీకు అడ్డు తీసింది గానీ, రంగునీ భాషనీ చూసి మనుషుల్ని ఆపి తీరాలని చెప్పలేదు. ఆ నాలుగు కారణాలతో ఎవరినీ ఆపొద్దని మీరే సర్క్యులర్ ఇవ్వొచ్చు. ఆపిన ప్రతి మనిషికీ, ఎందుకు ఆపారో రాసి, ఏజెంట్ బ్యాడ్జి నంబరు వేసి ఒక స్లిప్పు ఇప్పించండి. ఎంతమందిని ఆపారు, అందులో పౌరులెందరు అన్న లెక్క మూడు నెలలకోసారి బయటపెట్టండి.

ఇట్లు,
టెక్సాస్‌లో ఉంటున్న ఒక తెలుగు ఉద్యోగి