ఎర్రగా ఉన్న ప్రతి కన్నూ కళ్లకలక కాదు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈ నెల ఉత్తరం వారం ముందే రాస్తున్నాను. కారణం మీకు తెలుసు. సోమవారం పొద్దున ప్రార్థన అయ్యేసరికి గేటు దగ్గర పదిమంది తల్లులు, నలుగురు తండ్రులు నిలబడి ఉన్నారు. ఏడో తరగతిలో ఒకబ్బాయికి ఎప్పుడు చూసినా కళ్లు ఎర్రగానే ఉంటాయి, వాడి వల్లే బడంతా కళ్లకలక పాకింది, వాణ్ని ఇంటికి పంపేదాకా మా పిల్లల్ని లోపలికి పంపం అన్నారు. అంతకుముందు రాత్రి వాట్సాప్ గ్రూపులో ఆ అబ్బాయి ఫొటో కూడా పెట్టారు. క్లాసు ఫొటోలోంచి వాడి ముఖం ఒక్కటే కత్తిరించి, కళ్ల చుట్టూ ఎర్ర గీత గీశారు. వాడికి పన్నెండేళ్లు.

మా వైపు జరిగిన తప్పు ముందు చెప్తాను. శనివారమే ఆ అబ్బాయిని కిటికీ పక్కన విడిగా బెంచీ వేసి కూర్చోబెట్టారు. మిగతా పిల్లలకు అంటుకుంటుందన్న భయంతోనే చేశారు గానీ, నన్నూ అడగలేదు, డాక్టరునీ అడగలేదు. మంగళవారం నేను వాళ్లింటికి వెళ్లి వాళ్లమ్మగారికి క్షమాపణ చెప్పాను. వాడి సంగతి ఈ ఉత్తరంలో రాయమన్నది ఆవిడే. "ఎవరో అందరికీ తెలిసిపోయింది మేడమ్, నిజం కూడా తెలియనివ్వండి. పేరు మాత్రం రాయకండి" అన్నారు.

ఆ అబ్బాయికి ఉన్నది కళ్లకలక కాదు, ఎలర్జీ. అది అంటుకోదు. పక్కన కూర్చున్నా, వాడి పెన్సిలు తీసుకున్నా, ఒకే కంచంలో తిన్నా రాదు. వేడి ఎక్కువగా ఉండే మనలాంటి ప్రాంతాల్లో పిల్లలకు, అందులోనూ మగపిల్లలకు ఎక్కువగా వస్తుంది. ఎండాకాలంలో ముదురుతుంది, కొందరికి ఏడాది పొడవునా ఉంటుంది. చాలామందికి ఇరవై ఏళ్లు వచ్చేసరికి తగ్గిపోతుంది. అసలు గుర్తు దురద. కళ్లకలకలో పుసులు, నీళ్లు, ఇసుక పోసినట్టు గరగర ఎక్కువ. ఎలర్జీలో దురద మనిషిని కుదురుగా కూర్చోనివ్వదు. ఈ అబ్బాయి చొక్కా కుడి చెయ్యి అంచు ఎప్పుడూ తడిగా ఉండేది. లెక్క చేస్తూ చేస్తూ పెన్ను కింద పెట్టి, పిడికిలి మడిచి కంట్లో తిప్పుకోవడం నేనే ఎన్నోసార్లు చూశాను. చూసి "నిద్ర చాలలేదా నాన్నా" అని అడిగాను తప్ప, డాక్టరుకి చూపించారా అని అడగలేదు.

వాళ్లమ్మగారు కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్తారు. గుంటూరులో మార్చి వస్తే మిర్చి ఘాటుకి ఊళ్లో సగం మందికి కళ్లు మండుతాయి, కొడుకుదీ అదే అనుకున్నారు. రెండేళ్ల కిందట మందుల షాపులో చెప్తే ఒక చుక్కల మందు ఇచ్చారు. "వేసిన పూటకే మల్లెపువ్వులా తెల్లగా అయ్యేవండీ, అంతకంటే మంచి మందు ఏముంటుంది అనుకున్నా" అన్నారావిడ. ఎర్రబడ్డప్పుడల్లా వేశారు. సీసా అయిపోతే పాత సీసా చూపించి కొత్తది తెచ్చారు. ఈమధ్య అబ్బాయే ఆ సీసాను జామెట్రీ బాక్సులో పెట్టుకుని, ఇంటర్వెల్‌లో తలెత్తి తనే వేసుకుంటున్నాడు.

బుధవారం వాళ్లిద్దరితో పాటు నేనూ కంటి ఆసుపత్రికి వెళ్లాను. డాక్టరమ్మ వాడి పై రెప్పను వేలితో మడిచి తిరగేసి నన్ను కూడా చూడమన్నారు. నున్నగా ఉండాల్సిన రెప్ప లోపలి వైపు గులకరాళ్లు పరిచినట్టు బొడిపెలు. రెప్ప వేసినప్పుడల్లా అవి కంటిగుడ్డును గీరుతూ ఉంటాయట. తర్వాత మత్తు చుక్క వేసి, నీలం దీపం దగ్గర పెట్టి కంటి ప్రెషర్ చూశారు. మామూలుగా 10 నుంచి 21 మధ్య ఉండాలి. వాడికి కుడికంట్లో 32, ఎడమకంట్లో 29. ఆ చుక్కల మందులో స్టెరాయిడ్ ఉంది, రెండేళ్లు వేసినందుకు ప్రెషర్ పెరిగింది అన్నారు. దేవుడి దయ, కంటి నరం ఇంకా దెబ్బతినలేదు. ఇంకో ఏడాది గడిచి ఉంటే ఏమయ్యేదో అని ఆవిడ మాట మధ్యలో ఆపేశారు. వాళ్లమ్మగారు నా చెయ్యి పట్టుకున్నారు.

ఈ ఒక్క విషయంలో మీ అందరినీ చేతులు జోడించి అడుగుతున్నాను. డాక్టరు రాయని చుక్కల మందు పిల్లల కళ్లలో వేయకండి. స్టెరాయిడ్ చెడ్డ మందు కాదు. అవసరమైనప్పుడు కంటి డాక్టర్లే రాస్తారు, ఎన్ని రోజులు వేయాలో, ఎలా తగ్గిస్తూ మానాలో చెప్తారు, మధ్యలో ప్రెషర్ చూస్తారు. షాపులో కొన్నప్పుడు ఆ చూడటం ఉండదు. ఎరుపు వెంటనే పోతుంది కాబట్టి జబ్బు తగ్గిందనుకుంటాం, లోపల ప్రెషర్ పెరుగుతుంటే పిల్లాడికి నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. దాన్నే పెద్దవాళ్లు నీటికాసులు అంటారు. చూపు అంచుల నుంచి కొద్దికొద్దిగా పోతుంది. అలా పోయిన చూపును ఏ ఆపరేషనూ వెనక్కి తేలేదు. ఎక్కువ కాలం వాడితే చిన్న వయసులోనే శుక్లాలు కూడా రావచ్చు. ఇంకొక మాట పొలం పనికి వెళ్లే ఇళ్లవాళ్లు ముఖ్యంగా వినాలి. వరి ఆకు కోసుకుని, ఊక పడి, పశువు తోక తగిలి కన్ను ఎర్రబడితే నల్లగుడ్డు మీద పుండు పడవచ్చు, అందులో బూజు చేరవచ్చు. దాని మీద స్టెరాయిడ్ చుక్క వేయడమంటే మంట మీద కిరోసిన్ పోయడమే. కన్నే పోయే ప్రమాదం ఉంది. బండి టైరుకి గాలి తగ్గితే మెకానిక్ దగ్గరికి పరుగెత్తుతాం. పిల్లల కంటికి మాత్రం పక్కింటివాళ్లు ఇచ్చిన సీసా చాలా?

గురువారం పిల్లల్ని ఇళ్లలో ఉన్న చుక్కల మందులన్నీ తెమ్మన్నాను. 19 సీసాలు వచ్చాయి. ఎనిమిదో తరగతి ఆడపిల్లలు నలుగురు సైన్స్ ల్యాబులో భూతద్దం పెట్టుకుని కూర్చుని, ఒక్కో సీసా మీది చిన్నక్షరాలు చదివి రిజిస్టరులో రాశారు. మందు పేరు, తయారీ తేదీ, గడువు తేదీ, మూత ఎప్పుడు తీశారు. వాళ్ల చేతిరాత చూడాలి మీరు, బ్యాంకు లెడ్జరులా ఉంది. డెక్సామెథసోన్, ప్రెడ్నిసోలోన్, బీటామెథసోన్ అన్న స్టెరాయిడ్ల పేర్లు ఏ సీసా మీద ఉన్నా ఎర్ర పెన్నుతో చుక్క పెట్టారు. 11 సీసాల మీద ఎర్రచుక్క పడింది. డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదని ఆ సీసాల మీదే అచ్చువేసి ఉంటుంది, ఆ సంగతి కనిపెట్టి నాకు చూపించింది వాళ్లలో అందరికంటే చిన్నది. ఆరు సీసాలకు గడువు దాటిపోయింది. ఒకటి చెవిలో వేసే మందు! మూత తీసిన నెలకు పారేయాల్సిన సీసాలు రెండేళ్లుగా ఫ్రిజ్ తలుపులో ఉన్నాయట. ఆ నలుగురు పిల్లల్ని చూస్తే నాకు గర్వంతో గొంతు పూడుకుపోయింది. పదోతరగతి మార్కులు ఎప్పుడైనా వస్తాయి, ఇలాంటి శ్రద్ధ ఒకరు నేర్పితే వచ్చేది కాదు. ఏడో తరగతి లీడరు అబ్బాయి కూడా తక్కువవాడు కాదు. డస్టరు దులిపితే తన స్నేహితుడికి కళ్లు దురద పెడుతున్నాయని గమనించి, ఎవరూ చెప్పకుండానే సోమవారం నుంచి తడిగుడ్డతో బోర్డు తుడుస్తున్నాడు. గేటు బయట పెద్దవాళ్లం గొడవ పడుతున్నప్పుడు వాడు లోపల చేసిన పని అది.

ఇక నిజంగా కళ్లకలక వచ్చినవాళ్ల సంగతి. పది రోజుల్లో 27 మందికి వచ్చింది. మొదలైంది ఏడో తరగతిలో కాదు, ఎవరితో మొదలైందో నేను చెప్పను. వానాకాలంలో ఇది మామూలే. 2023లో జూలై, ఆగస్టుల్లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బడులు, హాస్టళ్లు దీంతో ఎంత ఇబ్బంది పడ్డాయో మీకు గుర్తుండే ఉంటుంది. నేను సోషల్ చెప్పేదాన్ని కాబట్టి ఇంకొకటి గుర్తొస్తోంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం రోజుల్లో పశ్చిమ బెంగాల్లో ఇదే పాకితే, అక్కడి జనం దానికి ఆ యుద్ధపు నినాదం 'జై బాంగ్లా'నే పేరుగా పెట్టారు. సరిహద్దు దాటి వచ్చిన శరణార్థుల మీద పడింది ఆ పేరు. జబ్బు రాగానే ఎవరి వల్ల వచ్చిందో అని వెతకడం కొత్త కాదు. మన బడిలో మాత్రం వద్దు.

కళ్లలోకి చూస్తే కళ్లకలక అంటుకోదు. చేతులతో, తువ్వాళ్లతో, దిండ్లతో అంటుకుంటుంది. నల్లకళ్లద్దాలు పెట్టుకుంటే వెలుతురు బాధ తగ్గుతుందే గానీ పక్కవాళ్లకు రాకుండా ఆగదు. ఎక్కువగా ఇది వైరస్ వల్ల వస్తుంది, వారం నుంచి రెండు వారాల్లో దానంతట అదే తగ్గుతుంది. శుభ్రమైన చల్లటి నీళ్లలో తడిపిన గుడ్డ కళ్ల మీద వేయండి, పుసులు కాచి చల్లార్చిన నీళ్లతో, దూదితో తుడవండి, ఒక కంటికి వాడిన దూది రెండో కంటికి వాడకండి. తల్లిపాలు పిండటం, ఆముదం వేయడం, తేనె పూయడం వద్దు. మీ అమ్మమ్మలు నందివర్ధనం పూలు కళ్ల మీద పెట్టేవారంటే అది చల్లదనం కోసం, రసం పిండి లోపల పోయమని కాదు.

ఇంట్లో నలుగురికీ ఒకే తువ్వాలు ఉందని పిల్లలే నాకు చెప్పారు. దయచేసి ఈ నెల ఒక్కటైనా విడిగా ఇవ్వండి. రెప్పలు అతుక్కుపోయి, కళ్లు తెరవలేని పిల్లని ముఖం కడిగి, కాటుక పెట్టి, "కొంచెమే ఉందండీ" అని చీటీ రాసి బడికి పంపిన ఇళ్లు ఈ వారంలో మూడు. పనికి వెళ్లకపోతే కూలి పోతుందని నాకు తెలుసు. కానీ ఆ ఒక్క రోజు కూలి 27 ఇళ్ల కూలి అయింది. నీళ్లు కారడం, పుసులు తగ్గేదాకా ఇంట్లో ఉంచండి. హాజరు నేను చూసుకుంటాను. మార్కులు పోవు.

రాత్రి పదకొండింటికి ఫోను పిల్లల చేతిలో ఎందుకు ఉంటోందో కూడా ఒకసారి ఆలోచించండి. స్క్రీను చూస్తున్నంతసేపు రెప్ప వేయడం మర్చిపోతారు, కంటి తడి ఆరిపోతుంది, పొద్దున్నే ఎర్రకళ్లతో వస్తారు. చదువుకుంటున్నారని మీరంటారు. ఏం చూస్తున్నారో పిల్లలు నాకు చెప్తూనే ఉంటారు. అద్దాలు పెట్టుకోవాల్సిన పిల్లలు పెట్టుకోకపోయినా కళ్లు నలుపుకుంటారు. 2019లో రాష్ట్రమంతా బడి పిల్లలకు కంటి పరీక్షలు చేసినప్పుడు ఇచ్చిన అద్దాలనే ఇంకా పెట్టుకుని వస్తున్నవాళ్లు మన బడిలో ఐదుగురు. ఎదిగే పిల్లలకు ఏడాదికోసారి పవరు చూపించాలి. జూన్‌లో 43 మందికి కంటి పరీక్ష చీటీలు ఇచ్చాం, సంతకంతో తిరిగి వచ్చినవి 12. మిగతా 31 మంది తల్లిదండ్రులు ఈ ఉత్తరం చదువుతున్నారనే అనుకుంటున్నాను.

కన్ను నొప్పిగా ఉన్నా, వెలుతురు చూడలేకపోతున్నా, చూపు మసకబారినా, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ కనిపించినా, కంటికి దెబ్బ తగిలినా ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. అలాంటిదేమీ లేకపోయినా, రెండు వారాలు దాటి ఎరుపు ఉంటే లేదా తగ్గి తగ్గి మళ్లీ వస్తుంటే తీసుకెళ్లండి. గుంటూరు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో కంటి విభాగం ఉంది, పెదకాకానిలో శంకర కంటి ఆసుపత్రి ఉంది. ఇంట్లో వేసిన సీసాలన్నీ సంచిలో వేసుకుని వెళ్లి డాక్టరుకి చూపించండి, తిడతారని దాచకండి. చాలా రోజులుగా ఏదైనా చుక్క వేస్తుంటే మీ అంతట మీరు హఠాత్తుగా మానేయకుండా, వెంటనే చూపించి ఆయన చెప్పినట్టు చేయండి.

మిగతావి: ఎఫ్ఏ-1 జవాబు పత్రాలు సోమవారం ఇస్తాం. ఆగస్టు 15న పిల్లలు ఏడున్నరకల్లా రావాలి. లైబ్రరీ పుస్తకాలు తిరిగి ఇవ్వనివాళ్లు ఇవ్వండి. కబడ్డీ అమ్మాయిలు మండలంలో గెలిచారు, వాళ్ల గురించి వచ్చే నెల వివరంగా రాస్తాను.

ఆ అబ్బాయి శుక్రవారం నుంచి బడికి వస్తున్నాడు, పాత బెంచీలోనే, రెండో వరసలో. ఇప్పుడు వేరే చుక్కలు వేస్తున్నారు, ప్రెషర్ తగ్గడానికి ఒకటి, ఎలర్జీకి ఒకటి. మూడు వారాలకు మళ్లీ చూపించాలి. నలుపుకోవాలనిపిస్తే లేచి వెళ్లి చల్లటి నీళ్లతో కళ్లు కడుక్కోవడానికి వాడికి ఎవరి అనుమతీ అక్కర్లేదని టీచర్లకు చెప్పాను. ఎండలో టోపీ పెట్టుకుంటాడు. గ్రూపులో ఫొటో పెట్టినవారు దాన్ని తీసేశారు, సంతోషం. వాళ్లమ్మగారిని ఒకసారి కలిసి మాట్లాడితే ఇంకా సంతోషిస్తాను. ఆవిడ సాయంత్రం ఆరు తర్వాత ఇంట్లో ఉంటారు.

వచ్చే శనివారం పది నుంచి ఒంటిగంట దాకా నేను, ఆ నలుగురు ఎనిమిదో తరగతి పిల్లలు సైన్స్ ల్యాబులో ఉంటాం. మీ ఇంట్లో ఉన్న చుక్కల మందు సీసాలు తీసుకుని రండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు