ప్రాజెక్టులు సరే, పరిశోధన నేర్పేదెవరు?

సంపాదకులకు నమస్కారం.

విద్యార్థుల్లో పరిశోధనాసక్తి వెల్లివిరుస్తోందంటూ, రంగురంగుల అట్టలు వేసిన ప్రాజెక్టు పుస్తకాలు ఎత్తి పట్టుకున్న పిల్లల ఫొటోతో గత వారం మీరు ప్రచురించిన వార్త చూశాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. వాటిలో ఒక్కదాన్నయినా అక్కడ ప్రసంగించిన అధికారులు తెరిచి చదివారా అన్నదే నా సందేహం.

ఆమధ్య నా చేతికొచ్చిన ఒక ప్రాజెక్టులో, చైనా గోడ చంద్రుడి మీద నుంచి కూడా కనిపిస్తుందని రాసి ఉంది. 2003లో భూమి చుట్టూ తిరిగి వచ్చిన చైనా వ్యోమగామి యాంగ్ లివే తనకే అది కనిపించలేదని చెప్పగా, ఇక చంద్రుడి సంగతి వేరే చెప్పాలా! వికీపీడియా నుంచి మక్కికి మక్కి దించిన పేరాల నడుమ, అక్కడ శీర్షికల పక్కన ఉండే ‘మార్చు’ అనే మాట కూడా అలాగే అచ్చయి ఉంది. దాని పక్కనే ఎర్రసిరాతో టిక్కు, చివర ‘వెరీ గుడ్’.

తప్పు ఆ పిల్లవాడిది కాదు. ‘నీటి కాలుష్యం’ అని శీర్షిక ఒకటి పడేసి సోమవారానికి తెమ్మంటే ఎవరైనా చేయగలిగింది ఎత్తిరాతే. అదే ‘ఈ చెరువు నీరు ఏ నెలలో పచ్చబడుతోంది, ఎందుకు?’ అని అడిగితే వాడు చూడాలి, రాసుకోవాలి, తెలిసినవాళ్లను అడగాలి, విన్నదాన్ని పుస్తకంతో సరిపోల్చుకోవాలి. ఇది నేర్పడానికి మాత్రం టైంటేబుల్లో ఒక్క పీరియడూ దొరకదు.

1998లో ఎవరో సరదాకి పుట్టించిన ‘చెట్ల మీద బతికే ఆక్టోపస్’ వెబ్‌సైటును కనెక్టికట్ విశ్వవిద్యాలయం వారు ఏడో తరగతి పిల్లలకు చూపిస్తే దాదాపు అందరూ నమ్మేశారు. పిల్లలనే అనడమెందుకు, స్టాన్‌ఫర్డ్ పరిశోధకుల 2017 నాటి అధ్యయనంలో చరిత్ర ఆచార్యులు సైతం వెబ్‌సైట్ల పైమెరుగులకు బోల్తాపడ్డారు. వార్తల నిజానిజాలు తేల్చడమే వృత్తిగా గలవారు మాత్రం ఆ పేజీని అక్కడే వదిలి, మరో ట్యాబ్ తెరిచి, దాన్ని నడిపేదెవరో ముందు ఆరా తీశారు. ఒక పూటలో నేర్పగల అలవాటు ఇది.

కానీ మన పెద్దలకు కంప్యూటర్ గదికి రిబ్బన్ కత్తిరించడంలో ఉన్న ఉత్సాహం, గ్రంథాలయం గది తాళం తీయించడంలో లేదు. గ్రంథపాలకుడు పదవీ విరమణ చేస్తే ఆ కుర్చీ ఖాళీగానే ఉంటుంది, బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుందో ప్రధానోపాధ్యాయుడికే తెలియదు. ఇప్పుడిక అడిగిందే తడవుగా లేని పుస్తకాలను కూడా ఆధారాలుగా చూపించే చాట్‌బాట్‌లు వచ్చి కూర్చున్నాయి.

మార్కుల పట్టికలో అట్టకూ అలంకరణకూ కేటాయించినవి తీసేసి, ‘ఈ సంగతి నీకెక్కడ తెలిసింది, ఎలా సరిచూశావు?’ అన్న ప్రశ్నకు ఇవ్వండి. దీనికి కమిటీ అక్కర్లేదు, ఒక్క సర్క్యులర్ చాలు. సర్క్యులర్లకైతే మనకు ఏనాడూ కొదవ లేదు.

భవదీయుడు,
ఒక విశ్రాంత గ్రంథపాలకుడు