‘దీన్ని నేను చేయలేదు’

సంపాదకులు గారికి నమస్కారం.

మా అమ్మాయి సోషల్ నోట్సులో ‘బాబిలోనియన్లు, ఈజిప్షియన్లు విగ్రహాలను పూజించేవారు’ అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. చూసి బాధేసింది.

బాబిలోన్‌లో దేవుడి విగ్రహం పూర్తయ్యాక ‘నోరు కడగడం’ అనే క్రతువు చేసేవారు. అందులో భాగంగా శిల్పుల చేతులు గుడ్డతో కట్టి, కర్ర కత్తితో నరికినట్టు చూపించేవారు. ‘దీన్ని నేను చేయలేదు, ఈయా దేవుడే చేశాడు’ అని శిల్పి ప్రమాణం చేయాలి. ఈయా అంటే వాళ్ల చేతిపనుల దేవుడు. తన చేత్తో చేసిన పనిని అలా దేవుడికి వదిలేయడం ఎంత పెద్ద మాట! ఈజిప్టులోనూ బాడిసలాంటి పనిముట్టును విగ్రహం పెదవులకు, మమ్మీ పెదవులకు తాకించి ‘నోరు తెరిచేవారు’. అక్కడ శిల్పికి ఉన్న ఒక పేరుకు అర్థం ‘బతికించేవాడు’. విగ్రహానికి నేత్రోన్మీలనం (కళ్లు తెరిపించే క్రతువు) చేసే మన స్థపతులకు ఇదంతా విడమరిచి చెప్పక్కర్లేదు.

బాబిలోన్ రాజు రెండో నెబుకద్నెజర్ కట్టించిన ఆ నగర ద్వారం, ఇష్తార్ ద్వారం నీలి ఇటుకల మీది ఎద్దులూ ఉత్త బొమ్మలు కావు. అవి తుపాను దేవుడు అదద్‌వి. పక్కనున్న డ్రాగన్లు బాబిలోన్ నగర దేవుడు మర్దూక్‌వి.

హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ ఉంది. పిల్లలు దాన్ని భయంభయంగా చూసి, ఫొటో దిగి వచ్చేస్తారు. ఆ పెదవులకు ఏ క్రతువు చేసేవారో ముందే తెలిస్తే ఇంకోలా చూస్తారు. మీ ఆదివారం సంచికలో పిల్లల కోసం ఈ విషయాలు బొమ్మలతో వేయండి, ప్లీజ్.

– ఒక పాఠకురాలు, వరంగల్